వసారాలో బల్బు

ఆళ్లగడ్డ, మార్చి 2003

పొద్దున నంద్యాల మీటింగులో మళ్లీ అదే వాదించాను: సోలార్ పంపులుంటే రైతు పగలే నీళ్లు పెట్టుకుంటాడు. "ఖర్చెక్కువ. రాత్రి కరెంటు ఇస్తున్నాం కదా" అన్నారు అధికారులు. ఆర్థికవేత్తగా ఇన్నేళ్లు రాసిన రిపోర్టులన్నీ ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. ఆ రాత్రి కరెంటుకే పొలం పోయి, మోటారు వేయబోతే షాక్ కొట్టి, పోయిన నెల మా అన్న చనిపోయాడని అక్కడ చెప్పలేకపోయాను.

ఇందాక, అర్ధరాత్రి దాటాక, వసారాలో బల్బు వెలిగింది. పొలానికి కరెంటొస్తే తెలియాలని అన్న పెట్టుకున్నది. అమ్మ మళ్లీ మరిచిపోయి పిలిచింది: "పెద్దోడా, కరెంటొచ్చినాది. లెయ్ నాయనా."

బల్బు ఆర్పబోయాను. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దప్పా. ఆరిపోతే కరెంటు పోయిందనుకుంటాది అత్త. మీయన్న చేను కాడినుంచి వస్తాండాడని వాకిలి తీసుకోని కూచుంటాది."