దస్తగిరి చావుకు మద్రాసు పెట్టిన పేరు

గురువారం, ప్రొద్దుటూరు

దస్తగిరి తన వేరుసెనగ చేలో ఊరి పెద్ద రైతు ఎద్దుల్ని మేపొద్దన్నాడు. అందుకే ఆ రైతు మనుషులు అతన్ని కొట్టి చంపారు. విలేకరిగా నేను పేపరుకు రాసి పంపింది ఇదే. మద్రాసు ఆఫీసువాళ్లు అది కొట్టేసి, 'జమ్మలమడుగు దగ్గర ఫ్యాక్షన్ హత్య' అని అచ్చేశారు. మా వైపు ఎవడు చచ్చినా వాళ్లకు ఆ మాట ఒక్కటి చాలు.

ఈ రోజు అతని భార్య మాబున్నీ వచ్చింది.

"మా ఆయప్ప యా పార్టీలో ఉండాడప్పా? సాచ్చికం చెప్తామన్నోళ్లంతా, ఇది పార్టీల కొట్లాటంట, మేం రామంటాండారు."

నేను అలా రాయలేదన్నాను.

"నీ పేపరే కదప్పా," అంది.

వాళ్ల ఊరి టీ అంగట్లో, చదువురానివాళ్లకు ఆ వార్త రోజూ చదివి వినిపిస్తున్నది పెద్ద రైతు తమ్ముడేనట.