మైపాడు ప్రయాణం

సుశీలా,

ఆ రోజు పొద్దున నువ్వు రెండు గుక్కల కాఫీ తాగావు. మంచం కిటికీ దగ్గరికి జరపమన్నావు, జరిపాను. మధ్యాహ్నం నిద్రపోయావు. సాయంత్రం డాక్టరు వచ్చి నాడి చూసి, ప్రాణం పోయిందన్నాడు.

నిన్న నీ సంవత్సరికం అయింది. ఏడేళ్ళ మన వసంత సముద్రం చూడాలంది. ఈ ఏడాదిలో అది నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. రేపు ఆదివారం, బస్సులో మైపాడు పోదామన్నాను.

"ఇసకలో కూర్చోని తినేదానికి పులిహోర చాలునా, పెరుగన్నం గూడా కలపాల్నా?" అని మా అక్క అడిగింది.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయారా నీకు? తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకటే. ఇంక నేను కాకులతో మాట్లాడుకోవాల్సిందే" అంది.

ఇందాక చూస్తే వసంత తన సంచిలో నీ ఆకుపచ్చ చీర మడతపెట్టి పెట్టుకుంది. ఎందుకన్నాను.

"అమ్మను సముద్రంలో కలిపినామని అత్త చెప్పింది గదా నాన్నా. మనం పోతే కలవదా? తడిచీరతో బస్సులో ఎట్టొస్తాది?"

మైపాడులో నీ అస్థికలు కలిపాము. అందరం ఆ మాటే అన్నాం. పిల్ల దాన్ని ఎలా వింటుందో నాకు తోచలేదు. చీర బయటికి తీయబోయి మానేశాను.

రేపు పొద్దున బస్సెక్కకముందే దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని, నువ్వు రావని చెబుతాను. ఆ తర్వాత కూడా వస్తానంటే తీసుకుపోతాను.