కుట్లు తెంచిన పద్యం

డాక్టరమ్మ జెస్సికా గారికి,

మా మామ ఏసయ్య కడుపు కుట్లు దగ్గితే తెగాయని నర్సమ్మతో చెప్పాను. అది అబద్ధం, క్షమించండి.

ఆళ్లగడ్డలో హాస్య పద్యాల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పెట్టారు. ఏది మంచిదో నాకు తేలలేదు. అత్త పోయినప్పటి నుంచీ నవ్వని మామ దేనికి నవ్వితే దానికే బహుమతి అనుకుని, వచ్చిన పద్యాలన్నీ నంద్యాలలో మీ వార్డుకే తెచ్చి చదివాను.

మొదటి ఆరు పద్యాలకూ ఆయన గోడకేసి చూశాడు. ఏడో పద్యంలో, జ్వరమొచ్చిన కోడికి వైద్యుడు కోడి పులుసు రాసిచ్చాడు. మామ పగలబడి నవ్వాడు. రెండు కుట్లు తెగాయి.

నర్సమ్మ మీకోసం వెళ్లబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఎట్లాగూ మళ్లా కుట్టేదే గదా అల్లుడా. ఆలోపల మిగిలినయి సదువు" అన్నాడు.

ఇంకా పదకొండు పద్యాలున్నాయి. మీరొక అరగంట ఆలస్యంగా రాగలరా?

ఇట్లు,
మీ పేషెంటు మేనల్లుడు