క్రమ్లీ గారి పాటల మీద హక్కు

శాండ్ మౌంటెన్, అలబామా
1996 ఏప్రిల్

ప్రియమైన మేవిస్‌కి,

నీ చిన్ననాటి ఒవెల్లా రాస్తున్నది. ఇన్నేళ్లకు ఉత్తరం వచ్చిందని కంగారుపడకు, ఎవరూ పోలేదు. కంగారంతా నాదే.

మీ నాన్న క్రమ్లీ గారు అచ్చు వేయించిన కీర్తనల పుస్తకాలు చిరిగి పేలికలైతే, నేనే పేజీలు జిరాక్స్ తీయించి చర్చిలో పంచుతున్నాను. కొత్త పాస్టర్ చూసి, "అమ్మా, వీటికి హక్కుదారు ఉంటారు. వాళ్ల అనుమతి తెస్తేగానీ పాడనివ్వను" అన్నాడు. "దేవుడి పాటకు హక్కుదారేమిటి నాయనా?" అన్నాను. "దేవుడు రాగాలు కట్టలేదుగా!" అన్నాడు.

మే నెలలో సమాధులకు పూలు పెట్టే ఆదివారం వస్తోంది. మా ముసలివాళ్లకు ఒక్కో స్వరానికి ఒక్కో ఆకారంగా, త్రిభుజాలు, చతురస్రాలుగా వేసిన మీ నాన్న స్వరాలే చదవడం వచ్చు. అవి లేకపోతే మనవాళ్ల సమాధుల దగ్గర మూగగా నిలబడాలి. పైగా ఇన్నాళ్లూ నేను చేసింది దొంగతనమేనా? షెరీఫ్ కారు మా దారిలోకి తిరిగితే చాలు, జిరాక్స్ కాగితాలు పిండి డబ్బాలో దాచేస్తున్నాను. ఆయన పోయాక హక్కు నీదేగా, కాస్త సరేనని రాయవే. వద్దంటే అదీ రాయి, కోపం తెచ్చుకోను.

దిగులుతో,
నీ ఒవెల్లా

*

టెక్సాస్
ఏప్రిల్ చివర

నా పిచ్చి ఒవెల్లా,

నువ్వు జైలుకెళితే పీచ్ పళ్ల తీపి రొట్టె చేసి పట్టుకొస్తానులే. ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను.

సరే అనడానికి నేనెవర్ని? మాటలు పాతకాలపు కీర్తనలవి, వాటి మీద ఎవరికీ హక్కు లేదు. రాగాలు నాన్నవి. అప్పటి చట్టం ప్రకారం ఇరవై ఎనిమిదేళ్లకు మళ్లీ నమోదు చేయించుకోవాలి. గడువు దగ్గరపడ్డప్పుడు నేనే పోరాను: "ఒక్క సంతకం పెట్టు నాన్నా, రాబడి పోతుంది." ఆయన గడ్డం గీసుకుంటూ, "ఆ పాటలు వాళ్ల ఇళ్లలోకి వెళ్లిపోయాయే. ఇప్పుడెళ్లి తలుపు తట్టి నావి అననా?" అన్నారు. సంతకం పెట్టలేదు. అప్పటి నుంచి అవి అందరివీ. మీ పాస్టర్ నమ్మకపోతే హక్కులు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయానికి రాసి వెతికించుకోమను.

ఒక్క మాట అడగనా? పోయినేడు వరదలో నాన్న పుస్తకం తడిసి ముద్దయింది. నా దగ్గర ఒక్క పేజీ లేదు. నువ్వు దొంగిలించినవి నాకూ కాసిని పంపవే.

ప్రేమతో,
మేవిస్

*

శాండ్ మౌంటెన్
జూన్

ప్రియమైన మేవిస్‌కి,

పార్సెల్ తడవకూడదని సంచిలో సంచి పెట్టి చుట్టాను. అయినా భయమే, అందగానే రాయి.

పాస్టర్ వెతికించాడు, రెండోసారి నమోదు లేదని తేలింది. "క్షమించమ్మా" అన్నాడు. "క్షమాపణ దేనికి నాయనా! నువ్వు అడగకపోతే ఆయన చేసిన మేలు మాకు తెలిసేదే కాదు" అన్నాను.

నీకు పంపినవి కాపీలు కావు. నీ దగ్గర పుస్తకం లేదని చెప్పగానే, ఇంటింటివాళ్లూ తమ పాత పుస్తకంలో మిగిలిన మంచి పేజీలు ఏరి తెచ్చారు. అసలువే. కొన్నింటి మీద పోయినవాళ్ల పెన్సిలు గుర్తులున్నాయి, తుడపలేదు. వరస తప్పి ఉంటే తిట్టకు.

పూల ఆదివారం మీ నాన్న సమాధి దగ్గరే మొదలుపెట్టాం. మన పద్ధతి తెలుసుగా, ముందు స్వరాలు, తర్వాత మాటలు. హక్కు తీరిపోయిన పాటకు కట్టినవాళ్ల పేరు చెప్పాలని చట్టంలో లేదట, అదీ భయపడి కనుక్కున్నాను. అయినా చెప్పాలన్నారు అందరూ. పాస్టర్ లేచి, "హోలిస్ క్రమ్లీ గారు కట్టిన పాట" అన్నాడు.

"కట్టిన పాట కాదు నాయనా, ఇచ్చిన పాట అను" అన్నాను.

అలాగే అన్నాడు. అప్పుడు పాడాం.

కృతజ్ఞతతో,
నీ ఒవెల్లా