తక్కువ సోడియం ఉప్పు

జూలై 3
తొమ్మిదో తరగతికి మనిషి ఒంట్లో ఏమేమి ఉంటాయో చెప్పాను. ఆక్సిజన్, కార్బన్, కాల్షియం, సోడియం, పొటాషియం... పొటాషియం కొంచెం ఉంటేనే గుండె కొట్టుకుంటుంది, ఎక్కువైతే ఆగిపోతుంది అన్నాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.
అత్తమ్మ చప్పిడి కూర ముట్టడం లేదు. కిడ్నీలు బాగాలేవు, బీపీ, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి వారమైంది. అప్పటినుంచీ అలకే. బడి నుంచి వస్తూ జనగామలో దిగి తక్కువ సోడియం ఉప్పు కొన్నాను.

జూలై 4
పప్పు మారు వేయించుకుంది. "గిప్పుడు నోటికి రుచి తాకింది బిడ్డా." నాకెంత గొప్పగా ఉందో! సైన్సు టీచర్ కోడలు మరి.

జూలై 9
ఈ ఉప్పు ఎంతైనా తినొచ్చని అత్తమ్మ మా ఊరు నర్మెట్టంతా చెబుతోంది. మజ్జిగలో అదే, జామకాయ మీద అదే. ఇంకో ప్యాకెట్ తెప్పించుకుని రఘునాథపల్లిలో చెల్లెలికి పంపింది. చిన్నత్తమ్మదీ ఇదే జబ్బు.

జూలై 19
కాళ్లలో సత్తువ లేదంటోంది. మంచం దిగలేకపోతోంది. వయసు కదా, అనుకున్నాం.

జూలై 20
దవాఖాన. ఈసీజీ బాగాలేదు. రక్తంలో పొటాషియం ఎక్కువ — చాలా ఎక్కువ. గుండె ఎప్పుడైనా... అని డాక్టరు ఆపేశారు. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు. కొబ్బరినీళ్లు తాగించారా, అరటిపండ్లు పెట్టారా అని అడిగారు. లేదన్నాను. నిజమే కదా.

జూలై 21
బట్టల కోసం ఇంటికొచ్చాను. ఉప్పు ప్యాకెట్ తిప్పి చూశాను. పొటాషియం క్లోరైడ్. దాని కింద, కిడ్నీ జబ్బున్నవాళ్లు వాడరాదు అని. సోడియం తీసేస్తే ఆ చోట ఇంకేం వేస్తారే, తెలివిగలదానా?
ప్యాకెట్‌ను బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఎందుకు దాచాను? మా ఆయన చూస్తాడని. వాళ్లమ్మను నేనే చంపబోయానని అంటాడని. భయంగా ఉంది, చాలా భయంగా ఉంది.

జూలై 22
పొద్దున డాక్టరుకు చెప్పాను. ఆయనొక్కరికే. తిట్టలేదు. అత్తమ్మకు కొంచెం తగ్గిందట, ఇప్పుడే ఏమీ చెప్పలేమట. ఆ ఉప్పు ఇంకెవరూ వాడటం లేదు కదా అని అడిగారు.
రఘునాథపల్లి!
చిన్నత్తమ్మ ఫోన్ ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేశాను. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మా ఆయన టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.
"గన్నిసార్లు ఎవరికి చేస్తున్నవ్? ఏమైంది?"
బండి తీయమన్నాను. తాళం తేవడానికి పోయాడు. ఎందుకో ఇంకా చెప్పలేదు...