మూడో ఉల్టా వాల్వ్

దూలపల్లి,
10-8-2024, శనివారం.

చిరంజీవి రిదాకు,

నీళ్ల సెక్షన్ జైపాల్ ఆశీస్సులు. మీ నాయిన అల్లావుద్దీన్ భాయికి, మీ అమ్మ జహేదా చెల్లెకు నా సలాములు చెప్పు. మేమిక్కడ క్షేమంగా ఉన్నాం. మీరంతా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా వాల్వులు తిప్పిన చేతులివి, అక్షరాలు వంకరపోతే నవ్వుకో. నా రాత బాగాలేదని నువ్వెన్నిసార్లు వెక్కిరించలేదు.

సంగతేమిటంటే, ఈ ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక మన మున్సిపల్ ఆఫీసులో అప్రెంటిస్‌లకు ప్రశంసాపత్రాలు ఇస్తున్నారు. నా సర్వీసులో ఇలాంటిది చూడటం ఇదే మొదటిసారి. మేం పని నేర్చుకున్న రోజుల్లో తిట్లు తప్ప ఏమీ దక్కలేదు. నలుగురి పేర్లు రాశారు. మొదటి పేరు నీది.

కొత్తగా వచ్చిన ఇంజినీరు దీప మేడమ్‌కు బీరువాలో నీ నోటుబుక్కు కనబడింది. గ్రామ పంచాయతీల కాలంలో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసిన లైన్లు, ఏ కాగితం మీదా లేనివి, నువ్వు ఏడాదిపాటు నా వెనక తిరిగి గీసుకున్నావే, అదే. ఏ వాల్వ్ ఎవరి గోడ పక్కన ఉంది, ఎన్ని చుట్లు తిప్పితే మూతపడుతుంది, అన్నీ రాశావు. ఈ ఎండాకాలం ఆ పుస్తకం ముందు పెట్టుకొనే మేడమ్ నీళ్లు వదిలించింది. చివరి గల్లీకి కూడా నల్లా వచ్చింది. ఆ గల్లీ శంకరమ్మ అయితే బిందె నిండినప్పుడల్లా గా తురకోళ్ల పొల్ల సల్లగుండాలె అంటుంది. పని నేర్పినవాడి చేతుల మీదుగానే పత్రం ఇప్పిస్తామని మేడమ్ చెప్పింది.

మొన్న మీ ఇంటికి వచ్చాను. నువ్వు అప్పటికే కొత్త ఉద్యోగానికి తుర్కపల్లి కంపెనీ క్యాబ్‌లో వెళ్లిపోయావు. మీ నాయిన చాయ్ పోసి, పైపుల ముచ్చట తీస్తే సాలు అన్నా, పొల్ల తినే కంచం ముంగటికెల్లి లేసిపోతాంది, గా పత్రం మాకొద్దు అన్నాడు. నువ్వు కూడా ఆఫీసు వాళ్లతో, బాలేష్ అన్న కాలు ఇరగ్గొట్టి ఏ మొకం పెట్టుకొని వస్త అన్నావట.

బిడ్డా, ఫిబ్రవరిలో జరిగింది జరిగిపోయింది. లీకు బాగుచెయ్యడానికి మన సెక్షన్ బాలేష్ గుంతలో దిగాడు. నేను ఫోన్ చేసి వాల్వ్ బంద్ చెయ్యమన్నాను. నువ్వు అన్నిటిలాగే కుడికి తిప్పావు. అది ఉల్టా వాల్వ్, కుడికి తిప్పితే తెరుచుకుంటుంది. నీళ్లు ఒక్కసారిగా దూకి, గుంత గట్టు విరిగి అతని కాలు మీద పడింది. విచారణలో, ఆ వాల్వ్ సంగతి ముందే చెప్పానని నేనన్నాను. నువ్వు నా మొహం చూసి, సార్ జెప్పే ఉంటడు, నాకే యాదికి లేదు అన్నావు. అంతటితో పని మానేశావు. మరుపు ఎవరికి లేదు? ఇప్పుడు నిన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. బాలేష్ కర్ర పట్టుకొని నడుస్తున్నాడు, ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు.

మేడమ్ నీ పుస్తకం తిప్పుతూ నన్నొక మాట అడిగింది. మిగతా రెండు ఉల్టా వాల్వుల దగ్గర ఎర్ర పెన్నుతో బాణాలు గీసిన పిల్ల, ఈ మూడోదాని దగ్గర ఎందుకు గీయలేదు అని. నేను పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టేశాను.

పదిహేనో తారీఖు పొద్దున ఎనిమిదికల్లా రా. మీ అమ్మానాయినలను కూడా తీసుకురా. నువ్వు రాకపోతే ఆ పేరు కొట్టేసి పక్కన పెడతారు, నువ్వు చేసిన పని ఎవరిదో కూడా రేపటికి ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇట్లు,
నీకు పని నేర్పిన
జైపాల్

తా.క. (13-8-2024, మంగళవారం) పైన నీది మరుపని రాసి, పంపలేక మూడు రోజులు ఈ ఉత్తరం జేబులోనే పెట్టుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు.

నువ్వు ఏదీ మరిచిపోలేదు రిదా. ఆ మూడో వాల్వ్ ఉల్టా అని నేను నీకు ఏనాడూ చెప్పలేదు. అన్నీ నీ పుస్తకంలోకి ఎక్కిపోతుంటే, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే నన్ను ఇక ఎవరు పిలుస్తారని భయమేసింది. ఒక్కటి నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ రోజు ఫోన్‌లో కూడా తొందరలో అది నా నోట రాలేదు. విచారణలో అబద్ధం చెప్పాను. నువ్వు నన్ను నమ్మి, నిన్ను నువ్వు నమ్మడం మానేశావు. అది తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేస్తోంది.

నిన్న సాయంత్రం ఇదంతా కాగితం మీద రాసి మేడమ్‌కు ఇచ్చాను. ఏ శిక్ష వేసినా పడతాను. అక్కడినుంచి బాలేష్ ఇంటికి వెళ్లి చెప్పాను. అతను కర్ర గోడకు ఆనించి కూర్చున్నాడు. ఆ తర్వాత, నా కాలు సంగతి ఇడిసిపెట్టు, గా పొల్ల ఆర్నెల్ల సంది తల దించుకొని తిరుగుతాంటే నువ్వు సూసుకుంట ఎట్ల ఊకున్నవే అన్నాడు.

పత్రం నా చేతుల మీదుగా వద్దని మేడమ్‌కు చెప్పేశాను. బాలేష్ ఇస్తానన్నాడు.