చిరుత ముందు ఎల్లి

లావణ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తాండూరులో బండల షాపు పైగదిలో మనం ఆదివారాలు ఆడిన కథల ఆట పుస్తకంగా వస్తోంది. మన పాత్రలు ఏం చేస్తాయో చెప్పి పాచిక వేసేవాళ్లం. పడిన అంకెను బట్టే కథ నడిచేది: పెద్దదైతే గెలుపు, చిన్నదైతే ఓటమి. దాన్ని రాసిపెట్టే పని నాది.

చివరి ఆటలో నీ పాత్ర, గొర్లు కాసే ఎల్లి, అనంతగిరి గుహలో చిరుతకు ఎదురుగా కర్ర పైకెత్తి నిలబడి ఉంది. వచ్చే వారం పాచిక వేస్తానని చెప్పి నువ్వు వికారాబాద్ బస్సెక్కావు. ఆ వారంలోనే జ్వరమొచ్చింది నీకు.

ఆట నడిపే శ్రీకాంత్ నిన్న వచ్చాడు. "ఎల్లి చిరుతతోని కొట్లాడి సచ్చిపోయిందని రాయి. లావణ్యకు నివాళి అయితది" అన్నాడు.

"పాచిక ఎవరేసిన్రు?" అని అడిగాను.

ఒకసారి ఎల్లి వాగు దాటలేక పడిపోతే, దాటిందని రాయమన్నదీ శ్రీకాంతే. నువ్వు ఒప్పుకోలేదు. "ఒకటి పడ్డది, నేను నీళ్లల్ల పడ్డ. గట్లనే రాయి" అన్నావు. గట్లనే రాశాను.

ఇప్పుడూ అంతే. నిన్ను తీసుకుపోయిన జ్వరం ఎవరినీ పాచిక వేయమని అడగలేదు. నా కథలో అట్లా కుదరదు. ఎల్లి కర్ర పైకెత్తిన దగ్గర ఆపి, పుస్తకం ప్రెస్సుకు ఇచ్చేశాను.

చిరుత ఎన్నాళ్లైనా ఆగాల్సిందే. వంతు నీది.